రాకెట్ ముక్క మీ ఇంటి మీద పడితే పరిహారం ఎవరిస్తారు?

2022 ఏప్రిల్ 2. మనకు ఉగాది, మహారాష్ట్రలో గుఢీ పాడ్వా. రాత్రి ఎనిమిది కావస్తుండగా మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌లో చాలామందికి ఆకాశంలో మండుతూ వెళ్తున్న వెలుగు చారలు కనిపించాయి. ఉల్కలని కొందరన్నారు. విమానం కూలిపోతోందని కొందరు కంగారుపడ్డారు. ఫోన్లలో తీసిన వీడియోలు అప్పటికప్పుడే వైరల్ అయిపోయాయి.

ఆ తర్వాత చంద్రపూర్ జిల్లా సిందేవాహీ తాలూకాలోని లాడ్‌బోరీ గ్రామంలో ఒక పెద్ద లోహపు రింగు దొరికింది. వెడల్పు దాదాపు 3 మీటర్లు. చుట్టుపక్కల ఒక లోహపు గోళం కూడా దొరికింది. పోలీసులు వాటిని స్టేషన్‌కు తరలించారు. ఇస్రో శాస్త్రవేత్తలు వచ్చి పరిశీలించారు. 2021 ఫిబ్రవరిలో చైనా ప్రయోగించిన లాంగ్ మార్చ్ 3బి రాకెట్ భాగాలు అయి ఉండొచ్చని నిపుణులు అంచనా వేశారు.

అదృష్టవశాత్తూ ఎవరికీ గాయాలు కాలేదు. కానీ చంద్రపూర్ ఎక్కడో లేదు. మన ఆసిఫాబాద్ జిల్లాకు పొరుగు జిల్లా. ఆ రింగు ఒక ఇంటి పైకప్పు మీద పడి ఉంటే ఆ ఇంటివాళ్లు ఎవరిని అడగాలి? చైనానా, రాకెట్ తయారుచేసిన సంస్థనా, మన ప్రభుత్వాన్నా? అసలు అడిగే హక్కు ఉందా?

హక్కు ఉంది. 50 ఏళ్లకు పైగా అంతర్జాతీయ చట్టమూ ఉంది. అయితే అందులో మెలికలూ ఉన్నాయి. ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు ఇలా పడే అవకాశం ఎంత?

ముందే చెప్పాలి, భయపడాల్సినంత లేదు. భూమిపై ఎక్కువ భాగం సముద్రమే. నేల మీద కూడా జనం లేని చోటే ఎక్కువ. పైనుంచి వచ్చే వస్తువుల్లో చాలా భాగం గాలి రాపిడికి కాలిపోతుంది. అంతరిక్ష శకలం తగిలిందని నమోదైన మనిషి ఇప్పటివరకు ఒక్కరే. 1997లో అమెరికాలోని ఒక్లహామా రాష్ట్రం తుల్సా నగరంలో ఒక మహిళ భుజానికి రాకెట్ నుంచి ఊడిన చిన్న ముక్క తగిలింది. ఆమెకు దెబ్బ కూడా తగల్లేదు.

మన పెద్దవాళ్లను అడిగితే 1979 నాటి స్కైలాబ్ భయం గురించి చెబుతారు. అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ ఎక్కడ పడుతుందో తెలియక పల్లెలు వణికిపోయిన రోజులవి. ఆ నేపథ్యంతో 2021లో తెలుగులో సినిమా కూడా వచ్చింది. చివరికి అది 1979 జులై 11న హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడింది. అక్కడి ఎస్పెరాన్స్ పట్టణ పాలక మండలి రోడ్డు మీద చెత్త పోసినందుకు అంటూ నాసాకు సరదాగా 400 డాలర్ల జరిమానా వేసింది. నాసా కట్టలేదు. 30 ఏళ్ల తర్వాత, 2009లో, ఒక అమెరికా రేడియో వ్యాఖ్యాత తన శ్రోతల నుంచి డబ్బు పోగుచేసి కట్టాడు.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఏంటంటే, లెక్క మారింది. యూరప్ అంతరిక్ష సంస్థ 2025 నివేదిక ప్రకారం, భూమి చుట్టూ తిరుగుతున్న వాటిలో నిఘా కేంద్రాలు గమనిస్తున్నవే దాదాపు 40,000. ఒక సెంటీమీటరు కంటే పెద్ద ముక్కలు 12 లక్షలకు పైనే ఉంటాయని అంచనా. పనికాలం ముగిసిన ఉపగ్రహాలు, రాకెట్ భాగాలు కలిపి సగటున రోజుకు మూడుకు పైగా భూ వాతావరణంలోకి తిరిగి వస్తున్నాయి. పెద్ద వస్తువైతే దాని బరువులో 10 నుంచి 40 శాతం వరకు కాలిపోకుండా నేలను చేరవచ్చు. ఇంధన ట్యాంకులు, టైటానియం భాగాలు అంత తేలిగ్గా కరగవు.

చట్టం ఏం చెబుతోంది?

దీనికి సంబంధించి రెండు ఒప్పందాలు ముఖ్యం. మొదటిది 1967 నాటి అంతరిక్ష ఒప్పందం. అంతరిక్షం ఏ ఒక్క దేశానికీ సొంతం కాదని చెప్పింది ఇదే. ఒక దేశం పంపిన వస్తువు ఇంకో దేశంలో నష్టం చేస్తే పంపిన దేశానిదే బాధ్యత అని కూడా ఇందులోనే ఉంది. దీని మీద 110కి పైగా దేశాలు సంతకం చేసి ఆమోదించాయి. మన దేశం 1982లో ఆమోదించింది.

రెండోది 1972 నాటి నష్టబాధ్యత ఒప్పందం. మొదటి ఒప్పందంలో ఒక్క వాక్యంగా ఉన్న బాధ్యతను ఇది పూర్తి నిబంధనలుగా మార్చింది. భారత్ ఇందులో 1979లో చేరింది. అమెరికా, రష్యా, చైనా, జపాన్ కూడా ఉన్నాయి.

ఈ ఒప్పందం నష్టాన్ని రెండు రకాలుగా చూస్తుంది.

నేల మీద, లేదా ఎగురుతున్న విమానానికి నష్టం జరిగితే పంపిన దేశానిది సంపూర్ణ బాధ్యత. అంటే వాళ్ల తప్పు ఉందని మీరు నిరూపించాల్సిన పనిలేదు. అది వాళ్ల వస్తువు, దాని వల్ల మీకు నష్టం జరిగింది, ఈ రెండూ తేలితే చాలు. మేం అన్ని జాగ్రత్తలూ తీసుకున్నామని వాళ్లు తప్పించుకోలేరు.

అంతరిక్షంలోనే ఒక ఉపగ్రహం ఇంకోదాన్ని ఢీకొంటే మాత్రం ఎవరి తప్పో నిరూపించాలి. 2009 ఫిబ్రవరిలో పనిచేయని రష్యా ఉపగ్రహం కాస్మోస్ 2251, అమెరికా సంస్థ ఇరిడియం ఉపగ్రహం ఢీకొన్నాయి. రెండూ ముక్కలైపోయాయి. అంత ఎత్తులో రోడ్డు గీతలు లేవు, సిగ్నల్ లైట్లు లేవు. ఎవరిది తప్పు అని తేల్చే కొలమానమే లేదు.

ప్రాణనష్టం, గాయాలు, ఆరోగ్యం దెబ్బతినడం, ఆస్తి నష్టం, ఇవన్నీ నష్టం కిందికే వస్తాయి. ఆ ఘటన జరగకపోయి ఉంటే మీరు ఏ స్థితిలో ఉండేవారో ఆ స్థితికి తెచ్చేంత పరిహారం ఇవ్వాలని ఒప్పందం చెబుతోంది. గరిష్ఠ పరిమితి లేదు. రైలు ప్రమాదానికో, విమాన ప్రమాదానికో ఉన్నట్టు ఇంత మొత్తం అని పట్టిక కూడా లేదు.

ప్రైవేటు కంపెనీ రాకెట్ అయితే?

ఇక్కడే చాలామంది పొరబడతారు. అంతర్జాతీయ చట్టం దృష్టిలో కంపెనీ చేసిన ప్రయోగానికి కూడా దేశమే జవాబుదారీ. 2025 ఫిబ్రవరి 19న పోలండ్‌లోని పోజ్నాన్ నగరం దగ్గర స్పేస్‌ఎక్స్ సంస్థకు చెందిన ఫాల్కన్ 9 రాకెట్ భాగాలు పడ్డాయి. ఒకవేళ పోలండ్ ఈ ఒప్పందం కింద పరిహారం అడగాలనుకుంటే అడగాల్సింది అమెరికా ప్రభుత్వాన్ని. ఆ తర్వాత అమెరికా తన కంపెనీ దగ్గర వసూలు చేసుకుంటుందా లేదా అన్నది వాళ్ల ఇంటి వ్యవహారం.

బాధ్యత వహించాల్సిన దేశం ఒక్కటే కానక్కర్లేదు. రాకెట్‌ను ప్రయోగించిన దేశం, ప్రయోగం చేయించుకున్న దేశం, ఎవరి నేల మీద నుంచి ఎగిరిందో ఆ దేశం, ఎవరి ప్రయోగ కేంద్రాన్ని వాడారో ఆ దేశం, ఈ నాలుగూ 'ప్రయోగించిన దేశం' కిందికే వస్తాయి. నష్టపోయినవాళ్లు వీటిలో ఏ దేశం దగ్గరైనా మొత్తం పరిహారం అడగొచ్చు. పంపకాలు తర్వాత వాళ్లు చూసుకుంటారు.

ఇది మనకు ఎందుకు ముఖ్యమంటే, 2022 అక్టోబరులో ఒకసారి, 2023 మార్చిలో ఇంకోసారి శ్రీహరికోట నుంచి బ్రిటన్ సంస్థ వన్‌వెబ్ ఉపగ్రహాలను 36 చొప్పున ఇస్రో పంపింది. ఆ ప్రయోగాల్లో ఏదైనా తేడా వచ్చి మూడో దేశంలో నష్టం జరిగి ఉంటే భారత్‌ను కూడా అడిగేవారు. హైదరాబాద్ సంస్థ స్కైరూట్ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ రాకెట్‌ను ఎగరేసింది. అది దేశంలో తొలి ప్రైవేటు రాకెట్. రేపు ఇలాంటి సంస్థలు వరుసగా ప్రయోగాలు చేసినా, విదేశంలో నష్టం జరిగితే బిల్లు ముందు వచ్చేది ఢిల్లీకే. అంటే చివరికి మనం కట్టే పన్నుల్లోంచే.

ఇప్పటివరకు ఎవరికైనా పరిహారం వచ్చిందా?

ఒప్పందం పుట్టిన తర్వాత దాన్ని గట్టిగా పరీక్షించిన సందర్భం ఒక్కటే. 1978 జనవరి 24న సోవియట్ యూనియన్ గూఢచార ఉపగ్రహం కాస్మోస్ 954 కెనడా ఉత్తర ప్రాంతంలో కూలింది. మామూలు ఉపగ్రహం కాదు, లోపల యురేనియంతో నడిచే అణు రియాక్టర్ ఉంది. గ్రేట్ స్లేవ్ సరస్సు పరిసరాల్లో గడ్డకట్టిన నేల మీద రేడియోధార్మిక ముక్కలు చెల్లాచెదురయ్యాయి.

కెనడా, అమెరికా బృందాలు కలిసి నెలల తరబడి వాటిని వెతికి ఏరాయి. కెనడాకు మొత్తం ఖర్చు దాదాపు 1.4 కోట్ల కెనడా డాలర్లు అయింది. అందులో 60 లక్షల డాలర్లు ఇవ్వాలని సోవియట్ యూనియన్‌ను అడిగింది. మూడేళ్ల చర్చల తర్వాత, 1981లో, 30 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. అదీ మా బాధ్యత అని సోవియట్ యూనియన్ ఒప్పుకోకుండానే.

ఈ ఉదంతంలో గమనించాల్సింది ఒకటుంది. నష్టపోయింది చిన్నాచితకా దేశం కాదు. ముక్కలు ఎవరివో అనుమానమే లేదు. సాక్ష్యాలు చేతిలో ఉన్నాయి. అయినా అడిగిన దాంట్లో సగమే వచ్చింది. అది కూడా కోర్టు తీర్పుతో కాదు, బేరసారాలతో.

మీరు నేరుగా పరిహారం అడగొచ్చా?

ఈ ఒప్పందం కింద అడగలేరు. ఇదే అన్నింటికన్నా పెద్ద మెలిక. పరిహారం అడిగే హక్కు వ్యక్తికి కాదు, దేశానికి ఇచ్చారు. మీ ఇల్లు కూలితే మీ తరఫున భారత ప్రభుత్వం దౌత్య మార్గంలో, అంటే విదేశాంగ శాఖ ద్వారా, ఆ దేశానికి క్లెయిమ్ పంపాలి.

దీనికి గడువు ఏడాది. నష్టం జరిగిన రోజు నుంచి గానీ, ఆ వస్తువు ఏ దేశానిదో తేలిన రోజు నుంచి గానీ ఏడాదిలోగా అడగాలి. ఏడాది చర్చలు జరిగినా తేలకపోతే ముగ్గురు సభ్యుల క్లెయిమ్స్ కమిషన్ వేయాలని ఏ దేశమైనా కోరవచ్చు. రెండు దేశాల నుంచి ఒక్కొక్కరు, ఇద్దరూ కలిసి ఎంచుకున్న ఛైర్మన్ ఒకరు. అయితే రెండు దేశాలూ ముందే ఒప్పుకుంటేనే ఆ కమిషన్ తీర్పుకు కట్టుబడాలి. లేకపోతే అది సలహా మాత్రమే.

మరి మన ప్రభుత్వం క్లెయిమ్ పంపకపోతే? పంపి తీరాలని ఒప్పందంలో ఎక్కడా లేదు. ఆ సమయంలో ఆ దేశంతో సంబంధాలు ఎలా ఉన్నాయి, సరిహద్దు చర్చలు నడుస్తున్నాయా, వాణిజ్య ఒప్పందం దగ్గర పడిందా, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. మీ పైకప్పు ఆ పెద్ద బల్ల మీద ఉన్న అనేక ఫైళ్లలో ఒకటి. అదే సమయంలో ఇంకో దారి కూడా ఉంది. ప్రయోగించిన దేశం కోర్టుల్లో మీరే కేసు వేసుకోవచ్చు. అలా వేస్తే అదే నష్టానికి మన ప్రభుత్వం ఒప్పందం కింద క్లెయిమ్ పంపడానికి వీల్లేదు. పైగా విదేశీ కోర్టులో లాయరును పెట్టుకుని నడిపే స్తోమత ఎంతమందికి ఉంటుంది?

అది ఎవరిదో తేలకపోతే?

2024 డిసెంబరు 30న కెన్యాలో మకువేని కౌంటీ ముకుకు గ్రామంలో ఒక లోహపు రింగు పడింది. వ్యాసం 2.5 మీటర్లు, బరువు దాదాపు 500 కిలోలు. రాకెట్ నుంచి విడిపోయిన భాగమని కెన్యా అంతరిక్ష సంస్థ ప్రకటించింది. కానీ ఏ రాకెట్? ఏ దేశానిది? నిపుణుల మధ్యే ఏకాభిప్రాయం కుదరలేదు. యజమాని తేలకపోతే సంపూర్ణ బాధ్యత అన్న మాట కాగితం మీదే ఉండిపోతుంది. ఎందుకంటే క్లెయిమ్ పంపడానికి చిరునామా కావాలి.

అందుకే 1975లో ఇంకో ఒప్పందం చేశారు. ప్రతి దేశం తాను పంపిన వస్తువుల వివరాలను ఐక్యరాజ్యసమితి దగ్గర నమోదు చేయాలి. నిఘా వ్యవస్థలున్న దేశాలు గుర్తింపులో సాయం చేయాలి. కానీ ఆ రిజిస్టర్‌లో ఉండేది ఉపగ్రహం పేరు, తేదీ, కక్ష్య లాంటి వివరాలే. రాకెట్‌లోని ప్రతి రింగు మీదా దేశం పేరు చెక్కాలన్న నిబంధన లేదు.

గుర్తింపు దొరికిన ఉదాహరణ కూడా ఉంది. అందులో అవతలి పక్షం మనమే. 2023 జులైలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని జూరియన్ బే దగ్గర సముద్రపు ఒడ్డుకు మనిషి ఎత్తును మించిన ఒక సిలిండర్ కొట్టుకొచ్చింది. అది ఇస్రో పీఎస్ఎల్వీ రాకెట్ మూడో దశ అయ్యే అవకాశమే ఎక్కువని అదే నెలాఖరున ఆస్ట్రేలియా అంతరిక్ష సంస్థ ప్రకటించింది. అంటే మన తిరుపతి జిల్లా శ్రీహరికోట నుంచి ఎగిరిన వస్తువు వేల కిలోమీటర్ల అవతల వేరొకరి ఒడ్డున తేలింది. ఎవరికీ నష్టం జరగలేదు కాబట్టి పరిహారం ఊసు రాలేదు. జరిగి ఉంటే జవాబు చెప్పాల్సింది భారతే. ఈ చట్టంలో మనం ఎప్పుడూ నష్టపోయేవాళ్లమే కాదు, నష్టం చేసే అవకాశం ఉన్నవాళ్లం కూడా.

మన రాకెట్ మన మీదే పడితే?

ఇది మీరు ఊహించని ఖాళీ. ప్రయోగించిన దేశం తన సొంత పౌరులకు కలిగించిన నష్టానికి 1972 ఒప్పందం వర్తించదు. ఒప్పందంలోనే ఆ మాట రాసి ఉంది. అది దేశాల మధ్య కుదిరింది కాబట్టి సొంత ప్రజల సంగతి ఆ దేశ చట్టాలకు వదిలేసింది.

2024 మార్చి 8న అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం నేపుల్స్‌లో ఒక ఇంటి పైకప్పును, లోపలి అంతస్తును చీల్చుకుంటూ ఒక లోహపు ముక్క దూసుకొచ్చింది. బరువు 700 గ్రాములే. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి 2021లో వదిలేసిన పాత బ్యాటరీల చట్రం తాలూకు ముక్క అని నాసా తేల్చింది. మొత్తం కాలిపోతుందని అప్పట్లో అంచనా వేశారు. ఆ సమయంలో ఇంట్లో ఉన్న అబ్బాయి త్రుటిలో తప్పించుకున్నాడు. ఆ కుటుంబం 80,000 డాలర్లకు పైగా పరిహారం కోరుతూ నాసాకు క్లెయిమ్ పెట్టింది. అదే ముక్క పక్క దేశంలో పడి ఉంటే తప్పు నిరూపించక్కర్లేకుండా అమెరికా పరిహారం ఇవ్వాల్సి వచ్చేది. సొంత పౌరులైనందుకు ఆ రక్షణ వాళ్లకు లేదు.

మన దగ్గర పరిస్థితి ఏంటి? శ్రీహరికోట రాకెట్లు సముద్రం మీదుగానే వెళ్తాయి. విడిపోయిన దశలు సముద్రంలో పడతాయి. ప్రయోగం రోజు మత్స్యకారులకు, ఓడలకు, విమానాలకు ముందుగానే హెచ్చరికలు ఇస్తారు. జాగ్రత్త పరంగా ఇది బాగానే ఉంది. కానీ పొరపాటు జరిగితే పరిహారం ఎంత, ఎవరిని అడగాలి, ఎన్ని రోజుల్లో ఇవ్వాలి అని చెప్పే ప్రత్యేక అంతరిక్ష చట్టం దేశంలో లేదు. 2017లో అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదాను ప్రజాభిప్రాయానికి పెట్టారు. అది చట్టం కాలేదు. 2023లో అంతరిక్ష విధానం వచ్చింది. ప్రైవేటు సంస్థలకు అనుమతులిచ్చే బాధ్యత ఇన్‌స్పేస్‌కు అప్పగించారు. విధానం వేరు, చట్టం వేరు. కోర్టులో పట్టుకుని నిలబడటానికి చట్టం కావాలి.

అప్పటిదాకా బాధితులకు మిగిలేవి మామూలు దారులే. సివిల్ దావా, హైకోర్టులో రిట్ పిటిషన్. ప్రమాదకరమైన పనులు చేసే సంస్థ నష్టం జరిగితే సాకులు చెప్పకుండా పరిహారం ఇవ్వాల్సిందేనని ఢిల్లీ ఓలియం గ్యాస్ లీక్ కేసులో సుప్రీంకోర్టు 1986లో చెప్పింది. రాకెట్‌కు కూడా అది వర్తిస్తుందని లాయర్లు వాదించవచ్చు. కానీ వాదించి గెలవడం వేరు, చట్టంలో రాసి ఉండటం వేరు.

మరి నిబంధనలు ఎందుకు మార్చరు?

అంతరిక్ష నిబంధనలను చర్చించేది ఐక్యరాజ్యసమితి అంతరిక్ష కమిటీ. 1959లో శాశ్వత కమిటీగా ఏర్పడింది. వియన్నాలో సమావేశమవుతుంది. ఇప్పుడు 100కు పైగా దేశాలు సభ్యులు. అక్కడ ఓటింగ్ పద్ధతి లేదు, అందరూ ఒప్పుకోవాలి. ఒక్క దేశం అభ్యంతరం చెప్పినా ఆగిపోతుంది. 1967 నుంచి 1979 వరకు ఐదు ఒప్పందాలు వచ్చాయి. ఆ తర్వాత అన్ని దేశాలనూ కట్టిపడేసే కొత్త ఒప్పందం ఒక్కటీ రాలేదు. 2007లో వ్యర్థాల తగ్గింపు మార్గదర్శకాలు, 2019లో దీర్ఘకాలిక భద్రతపై 21 మార్గదర్శకాలు వచ్చాయి. ఇవి పాటిస్తే మంచిది అనే రకం. పాటించకపోతే శిక్ష లేదు.

ఈ లోపు ఏం జరుగుతోందో చూడండి. చైనా లాంగ్ మార్చ్ 5బి రాకెట్ 20 టన్నులకు పైగా బరువున్న ప్రధాన భాగాన్ని కక్ష్యలో వదిలేసి, అదే ఎక్కడో ఒకచోట పడేలా చేసింది. 2020లో ఐవరీ కోస్ట్‌లో ముక్కలు పడ్డాయి. 2021లో మాల్దీవుల దగ్గర సముద్రంలో కూలింది. 2022 నవంబరు 4న ఇంకోటి వస్తోందని స్పెయిన్ కాసేపు తన గగనతలంలో కొంత భాగం మూసేసింది. దాదాపు 300 విమానాలు ఆలస్యమయ్యాయి. విమానాలకు దెబ్బ తగల్లేదు. కానీ కనెక్టింగ్ ఫ్లైట్ పోయిన ప్రయాణికుడి నష్టం 'నష్టం' కిందికి వస్తుందా? 1972లో రాసిన మాటల్లో దీనికి స్పష్టమైన జవాబు దొరకదు.

కొన్ని దేశాలు సొంతంగా కదులుతున్నాయి. పని అయిపోయిన ఉపగ్రహాన్ని 25 ఏళ్లలోగా దించేయాలన్న పాత పద్ధతిని అమెరికా కమ్యూనికేషన్ల కమిషన్ 2022లో ఐదేళ్లకు కుదించింది. మరుసటి ఏడాది డిష్ సంస్థకు పాత ఉపగ్రహాన్ని సరిగా తప్పించనందుకు 1.5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఇస్రో 2023 మార్చి 7న మేఘా-ట్రోపిక్స్ ఉపగ్రహాన్ని మిగిలిన ఇంధనంతో దారి మళ్లించి పసిఫిక్ మహాసముద్రంలో జనం లేని చోట పడేలా చేసింది. 2030 నాటికి మన ప్రభుత్వ, ప్రైవేటు ప్రయోగాలన్నీ వ్యర్థాలు మిగల్చకుండా ఉండాలన్న లక్ష్యాన్ని 2024లో ప్రకటించింది. మంచి లక్ష్యమే. అయితే ఇది కూడా చట్టం కాదు, మాట.

మీ పొలంలోనో, మేడ మీదో పడితే ఏం చేయాలి?

ఎప్పుడో అరుదుగా జరిగేదే అయినా, ఫోన్‌లో సేవ్ చేసుకోవాల్సిన సంగతులివి.

ముట్టుకోకండి. రాకెట్ ట్యాంకుల్లో హైడ్రాజిన్ లాంటి విష ఇంధనం మిగిలి ఉండొచ్చు. ఖాళీగా కనిపించినా నమ్మొద్దు. పిల్లల్ని, పశువుల్ని దూరంగా ఉంచండి. గాలి మీ వైపు వీస్తుంటే ఎదురు దిక్కుకు వెళ్లండి.

112కు ఫోన్ చేయండి. తహసీల్దార్ కార్యాలయానికీ చెప్పండి. దూరం నుంచే ఫొటోలు, వీడియోలు తీయండి. లొకేషన్ ఆన్‌లో ఉంచితే సమయం, చోటు నమోదవుతాయి. అంకెలు, అక్షరాలు కనిపిస్తే జూమ్ చేసి తీయండి. ఎవరిదో తేల్చడానికి అవే ఆధారం.

పాత ఇనుప సామాను వాళ్లకు అమ్మకండి. మీ పొలంలో పడినా అది మీది కాదు. 1967 ఒప్పందం ప్రకారం ఎక్కడ పడినా యాజమాన్యం పంపినవాళ్లదే. దొరికిన వస్తువు గురించి ఆ దేశానికి, ఐక్యరాజ్యసమితికి తెలియజేయాలని 1968 నాటి ఇంకో ఒప్పందం చెబుతోంది. వాళ్లు అడిగితే తిరిగి ఇవ్వాలి. అందుకయ్యే ఖర్చు వాళ్లదే. ఈ పనులు ప్రభుత్వం చేస్తుంది. మీరు చేయాల్సింది దాన్ని ఉన్నచోట ఉన్నట్టు అప్పగించడం.

కాగితాలు వదలకండి. పోలీసు ఫిర్యాదు కాపీ, పంచనామా కాపీ, రెవెన్యూ అధికారుల నష్టం అంచనా, ఆస్పత్రి రికార్డులు, మరమ్మతు బిల్లులు, ఇంటి పన్ను రశీదు అన్నీ ఒక ఫైలులో పెట్టండి. జిల్లా కలెక్టర్‌కు పరిహారం కోరుతూ లిఖితపూర్వకంగా అర్జీ ఇవ్వండి. కాపీ విదేశాంగ శాఖకు పంపండి. అర్జీలో ఏడాది గడువు సంగతి తప్పక రాయండి. ఆ గడువు మీకు కాదు, ప్రభుత్వానికి గుర్తుండాలి.

ఇంటి బీమా ఉంటే ఒకసారి తీసి చూడండి. అన్ని సాధారణ బీమా సంస్థలూ అమ్మే భారత్ గృహ రక్ష పాలసీలో, బయటి వస్తువు వచ్చి తగిలి ఇంటికి జరిగిన నష్టానికి కవరేజీ ఉంది. రెండు దేశాల మధ్య ఫైళ్లు కదలడానికి ఏళ్లు పట్టినా ఈ దారిలో డబ్బు త్వరగా రావచ్చు. అద్దె ఇంట్లో ఉంటే సామాన్లకు విడిగా బీమా ఉందో లేదో చూసుకోండి.

చివరగా ఒక మాట. ఈ చట్టాలు రాసినప్పుడు రాకెట్లు పంపే దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. కింద ఉన్న దేశాలు చాలా. అందుకే కింద ఉన్నవాళ్ల వైపు మొగ్గుతూ రాశారు. ఇవాళ మన దేశం రెండు చోట్లా ఉంది. విదేశీ రాకెట్ మన మీద పడితే ఏం చేయాలో 1972లోనే రాసి పెట్టారు. మన రాకెట్ మన మీద పడితే ఏం చేయాలో రాయాల్సింది మన పార్లమెంటు. ఈసారి శ్రీహరికోట ప్రయోగాన్ని లైవ్‌లో చూస్తున్నప్పుడు, చప్పట్లతో పాటు ఆ ప్రశ్న కూడా గుర్తుపెట్టుకోండి. మీ ఎంపీ ఓటు అడగడానికి వచ్చినప్పుడు పనికొస్తుంది.